ఆడుతూ నేర్చే ప్రోగ్రామింగ్: ఆజ్ఞ ఇచ్చేది ఎవరు?



ప్రసంగం మొదలుపెట్టే ముందు మీచేత ఒక చిన్న పని చేయిస్తాను. ఇంట్లో పిల్లలుంటే రేడియో దగ్గరికి పిలవండి. లేకపోతే మీరే లేచి నిలబడండి. నాలుగడుగులు ముందుకు వేయండి. ఆగి, ఉన్నచోటే కుడిపక్కకు తిరగండి. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ కుడికి. ఇలా మొత్తం నాలుగుసార్లు. మంచమో బల్లో అడ్డం రాకపోతే, బయల్దేరిన చోటికే వచ్చి ఉంటారు. మొదట ఎటు చూస్తున్నారో మళ్ళీ అటే చూస్తూ ఉంటారు. మీ అడుగులు నేలమీద ఒక చతురస్రం గీశాయన్నమాట.

మీరు చేసిన పనిని కాగితం మీద పెడితే రెండు ఆజ్ఞలు వస్తాయి: ‘నాలుగడుగులు ముందుకు’, ‘కుడికి తిరుగు’. వాటి పైన ‘ఇది నాలుగుసార్లు చెయ్యి’ అని ఇంకో మాట. కంప్యూటర్ ప్రోగ్రాం అంటే ఇదే. సొంతంగా ఏమీ ఊహించుకోలేని యంత్రానికి, ఎక్కడా అనుమానానికి తావు లేకుండా, వరసగా చెప్పే ఆజ్ఞలు. ఈ విద్యను పిల్లలకు ఆటల ద్వారా నేర్పడం గురించీ, ఈమధ్య వచ్చిన ఆగ్మెంటెడ్ రియాలిటీ అందులో ఎంతవరకు సాయపడుతుందన్న దాని గురించీ ఇవాళ మాట్లాడతాను. ఏది పనికొస్తుంది, ఏది వట్టి హంగు, డబ్బు పెట్టే ముందు తల్లిదండ్రులు ఏం చూసుకోవాలి, ఇవీ చెబుతాను.

మీరిప్పుడు నడిచిన చతురస్రానికి అరవై ఏళ్ళ దగ్గర చరిత్ర ఉంది. అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్‌లో బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ అనే పరిశోధన సంస్థ ఉండేది. 1967లో అక్కడ వాలీ ఫ్యూర్జైగ్, సింథియా సాలమన్, డేనియల్ బొబ్రో, సేమూర్ పేపర్ట్ కలిసి పిల్లల కోసమే ఒక ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు. దాని పేరు లోగో. కంప్యూటర్లు బీరువాలంత ఉండి, శాస్త్రవేత్తలకూ సైన్యానికీ పెద్ద కంపెనీలకూ మాత్రమే అందే రోజులవి. అలాంటి యంత్రం ముందు పదీ పన్నెండేళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి, దానికి ఆజ్ఞలు మీరే ఇవ్వండి అన్నారు వీళ్ళు.

పేపర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టిన గణితవేత్త. ఎంఐటీకి రాకముందు జెనీవాలో జీన్ పియాజే దగ్గర పనిచేశారు. మన దగ్గర డీఎడ్, బీఎడ్ చదివినవాళ్ళకు పియాజే పేరు కొత్త కాదు. చదువు అనేది ఒకరు పోస్తే ఇంకొకరు నింపుకునేది కాదని, పిల్లలు తమ అనుభవంలోంచి తామే కట్టుకుంటారని చెప్పినాయన. పేపర్ట్ దానికి ఇంకో మాట చేర్చారు. పిల్లలు ఏదో ఒక వస్తువును తయారుచేస్తున్నప్పుడు, అది నలుగురికీ చూపించుకునేలా ఉన్నప్పుడు, ఆ కట్టుకోవడం మరీ గట్టిగా జరుగుతుందన్నారు.

లోగో మొదట్లో మాటలతోనూ అంకెలతోనూ ఆడుకునే భాష. కొద్దికాలానికి దానికి తాబేలు తోడైంది. గుండ్రటి డొప్పతో, చక్రాల మీద నడిచే మర అది. పొట్టకింద కలం ఉండేది. ‘ఫార్వర్డ్ 100’ అని టైపు చేస్తే నేలమీద పరిచిన కాగితంపై గీత గీస్తూ ముందుకు పోయేది. ‘రైట్ 90’ అంటే నిలబడ్డచోటే కుడికి తిరిగేది. అంతకు ఇరవై ఏళ్ళ కిందట ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త, వెలుతురును చూసి కదిలే చిన్న మరలను తయారుచేసి వాటిని తాబేళ్ళని పిలిచాడు. ఆ పేరే దీనికీ వచ్చింది.

తాబేలును ఎటు తిప్పాలో తోచని పిల్లలకు పేపర్ట్ బృందం చెప్పిన ఉపాయం ఇందాక మీచేత చేయించిందే. నువ్వే తాబేలువనుకో, లేచి నడిచి చూడు, నువ్వేం చేశావో అదే దానికి చెప్పు. నడవడం, తిరగడం అయిదేళ్ళ పిల్లకైనా వచ్చు. ఒంటికి తెలిసిన ఆ సంగతే మెల్లగా గణితమవుతుంది.

అసలు పాఠం త్రిభుజం దగ్గర మొదలవుతుంది. చతురస్రం వచ్చిన ఉత్సాహంలో పిల్లలు సమబాహు త్రిభుజం గీయబోతారు. ఒక్కో కోణం 60 డిగ్రీలని బడిలో విన్నారు కాబట్టి, ‘ముందుకు 100, కుడికి 60’ అని మూడుసార్లు చెబుతారు. తాబేలు త్రిభుజం గీయదు. మూడు గీతలు గీసి, ఎక్కడా కలవకుండా, నోరు తెరుచుకున్న బొమ్మ ఒకటి మిగులుస్తుంది. ఏమవుతుందో చూద్దామని ఇంకో మూడుసార్లు అదే ఆజ్ఞ ఇస్తే షడ్భుజం పూర్తవుతుంది. కారణం చిన్నదే. 60 డిగ్రీలనేది త్రిభుజం లోపలి కోణం. గీత చివర నిలబడ్డ తాబేలు తిరగాల్సింది బయటి కోణం, అంటే 120. ఏ బొమ్మ చుట్టూ అయినా ఒక్కసారి తిరిగి మొదటి చోటికి వస్తే మొత్తం తిరిగింది 360 డిగ్రీలు. మలుపులు మూడైతే ఒక్కోటి 120, నాలుగైతే 90, ఆరైతే 60. దారి తప్పిన తాబేలు వల్ల ఒక జ్యామితి సూత్రం పిల్లలకు సొంతంగా దొరికింది.

ఇందులో ఎర్రసిరాతో ఇంటు పెట్టినవాళ్ళు లేరు, మందలించినవాళ్ళు లేరు. తప్పు ఎక్కడ జరిగిందో గీత రూపంలో కళ్ళముందే ఉంది. దాన్ని వెతికి, సరిచేసి, మళ్ళీ నడిపించి చూడడాన్ని ప్రోగ్రామర్లు డీబగ్గింగ్ అంటారు. ఈ ప్రసంగంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడంలోని విలువంతా, తమ తప్పును తామే వెతికి పట్టుకునే ఆ కాసేపట్లో ఉంది. ఆటైనా, బొమ్మైనా, కెమెరా అయినా ఆ కాస్త సమయాన్ని పిల్లల చేతికిస్తే మంచిది. వాళ్ళ దగ్గర్నుంచి లాక్కుంటే, అది ఎంత ఖరీదైనదైనా వద్దు.

ఇలాంటి ఆజ్ఞల విద్య మన వాకిళ్ళకు బాగా పాతదే. సంక్రాంతి వస్తే పత్రికల్లో ముగ్గులు వేస్తారు. బొమ్మకింద ‘7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేవరకు’ అని ఒక్క వరస ఉంటుంది. తెలిసిన చేతికి అది చాలు. మధ్య వరసలో ఏడు చుక్కలు. దానిపైన, రెండేసి చుక్కల సందులో ఒక్కోటి చొప్పున ఆరు. ఆపైన అయిదు, ఆపైన నాలుగు, అక్కడ ఆగాలి. కిందివైపూ అంతే. లెక్కపెడితే 37 చుక్కలు. ఆకారం షడ్భుజం, తాబేలు పొరపాటున గీసిందే. అదే ‘7 చుక్కలు, ఎదురు చుక్క, 1 వచ్చేవరకు’ అంటే వరసకు రెండేసి తగ్గుతూ ఏడు, అయిదు, మూడు, ఒకటి. మొత్తం 25 చుక్కలు. ఆకారం పేకముక్కల్లోని డైమండు. ఎక్కడ మొదలెట్టాలి, వరసవరసకూ ఎంత తగ్గించాలి, ఎక్కడ ఆపాలి, ఈ మూడూ ఆ చిన్న వరసలో ఉన్నాయి. ప్రోగ్రామర్లు లూప్ అనేది దీన్నే.

ఇది నేను అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లోనే ముగ్గుల మీద కంప్యూటర్ శాస్త్ర పరిశోధన ప్రచురించారు. తమిళనాట ముగ్గును కోలం అంటారు. చిన్న కోలం నుంచి పెద్ద కోలం ఏ నియమాల ప్రకారం పుడుతుందో వాళ్ళు గణిత వ్యాకరణంగా రాసి చూపించారు. ఆ తర్వాత కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు మెలికల ముగ్గుల్ని తాబేలు ఆజ్ఞలతోనే గీయించారు. మన బడుల్లో కోడింగ్ మొదటి పాఠం సుద్దముక్కతో, చుక్కలతో మొదలుపెట్టడానికి పైసా ఖర్చు లేదు. అబ్బాయిల చేత కూడా వేయించాలి సుమండీ!

సరే, తాబేలు దగ్గరికి వద్దాం. 1980లో పేపర్ట్ రాసిన ‘మైండ్‌స్టార్మ్స్’ పుస్తకం వచ్చింది. అప్పటికి చిన్న కంప్యూటర్లు బడుల్లోకి వస్తున్నాయి. తాబేలు నేల విడిచి తెర మీదికి ఎక్కింది. లోగో నేర్చుకుంటే పిల్లల ఆలోచనే మారిపోతుందని చాలా దేశాల్లో ఆశపడ్డారు. 1984లో న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కళాశాల పరిశోధకులు రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ ఆ ఆశల మీద చన్నీళ్ళు చల్లారు. లోగో నేర్చుకున్న పిల్లలు, నేర్చుకోనివాళ్ళకంటే పనులకు మెరుగ్గా పథకం వేయగలుగుతున్నారని వాళ్ళ పరీక్షల్లో తేలలేదు. ఉత్తినే కంప్యూటర్ ముందు వదిలేస్తే నేర్పు దానంతటదే రాదన్నమాట. నాలుగేళ్ళ తర్వాత డేవిడ్ క్లార్, షారన్ కార్వర్ ఇంకో పద్ధతి పరీక్షించారు. తప్పును ఎలా వెతకాలో అంచెలంచెలుగా విడిగా బోధించారు. అనుకున్నదేమిటి, వచ్చిందేమిటి, తేడా ఏ ఆజ్ఞ వల్ల రావచ్చు, ముందు ఏ భాగంలో చూడాలి, ఇలాగ. అలా నేర్చుకున్న పిల్లలు కంప్యూటర్‌తో సంబంధం లేని పనుల్లో కూడా, ఇతరులు రాసిన సూచనల్లో తప్పులు పట్టగలిగారు. అంటే యంత్రం కన్నా పక్కనున్న టీచరు అడిగే ప్రశ్న ముఖ్యం.

మన రాష్ట్రాల్లోనూ చాలా ప్రైవేటు బడుల కంప్యూటర్ పుస్తకాల్లో లోగో ఉండేది. దాన్నెలా నేర్పామో ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళై చెబుతారు. పీయూ అంటే పెన్ అప్, పీడీ అంటే పెన్ డౌన్, కింది ఖాళీలు పూరింపుము! తాబేలును ఒక్కసారి కూడా దారి తప్పించకుండా పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. విద్య మంచిదైనా బట్టీలో వేస్తే పిప్పే మిగులుతుంది.

2007లో ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి, మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసిన స్క్రాచ్ వచ్చింది. ఇందులో ఆజ్ఞలు టైపు చేయక్కర్లేదు. రంగురంగుల బ్లాకుల్ని ఒకదానికింద ఒకటి అతికించడమే. పొసగని బ్లాకులు అతుక్కోవు. అక్షరం తప్పు పోయిందనో, సెమికోలన్ మరిచిపోయామనో యంత్రం మొరాయించే బాధ తప్పింది. ఆలోచనలోని తప్పు మాత్రం మిగిలింది, మనకు కావలసిందీ అదే. స్క్రాచ్ ఉచితం. కంప్యూటర్‌లో ఒకసారి వేసుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. ఇందులోని పిల్లి బొమ్మ చేత తెలుగు అక్షరాల్లో మాట్లాడించవచ్చు, పిల్లలు తమ గొంతునే రికార్డు చేసి పెట్టవచ్చు. చదవడం ఇంకా రాని అయిదారేళ్ళ పిల్లల కోసం 2014లో స్క్రాచ్ జూనియర్ వచ్చింది. అందులో మాటల బదులు గుర్తులే ఉంటాయి.

ఇక ఆటలు. 2013లో కోడ్ డాట్ ఆర్గ్ సంస్థ ‘అవర్ ఆఫ్ కోడ్’ పేరుతో గంటసేపటి పాఠాలు మొదలుపెట్టింది. గడుల దారిలో పక్షిని పందిదాకా నడిపించే ఆట చాలామంది పిల్లలు ఆడే ఉంటారు. లైట్‌బాట్ అని ఇంకోటి ఉంది. గడుల మీద మరమనిషిని నడిపించి దీపాలు వెలిగించాలి. రెండింటిలోనూ బొమ్మను బాణాల మీటలతో నేరుగా కదపడం కుదరదు. ముందే ఆజ్ఞలన్నీ పేర్చిపెట్టి, తర్వాత నడిపించాలి. ఈ ఒక్క నియమమే మామూలు వీడియో ఆటకూ దీనికీ తేడా. వేలు ఆడించి గెలిచే ఆట కాదు, ముందు ఊహించుకుని ఆడే ఆట.

ఇక్కడే ఒక చిక్కు కూడా ఉంది. తెలివైన పిల్లలు ఆలోచించడం మానేసి, తోచిన బ్లాకు పెట్టి, నడిపించి, పడిపోతే ఇంకోటి పెట్టి, ఎప్పటికో గెలుస్తారు. ఆట ‘శభాష్’ అంటుంది. ఏం నేర్చుకున్నావమ్మా అంటే చెప్పలేరు. అందువల్ల ఇలాంటి ఆటలు గుమ్మం వరకే. గుమ్మం దాటాక పిల్లలు ఆట ఆడడం నుంచి ఆట తయారుచేయడంలోకి రావాలి. ఈ సంగతిని యాస్మిన్ కఫై 1990లలో బోస్టన్‌లోని ఒక బడిలో చూపించారు.  నాలుగో తరగతి పిల్లలకు లోగో ఇచ్చి, తమకంటే చిన్నవాళ్ళకు భిన్నాలు నేర్పే ఆటలు తయారుచేయమన్నారు. ఆట చేయాలంటే ముందు తమకు భిన్నాలు రావాలి. ఇతరులకు ఎక్కడ అర్థం కాదో ఊహించాలి. నెలల తరబడి ఆ పిల్లలు ఆ పనిలో మునిగిపోయారు. ఆ అనుభవమంతా ఆమె ‘మైండ్స్ ఇన్ ప్లే’ అనే పుస్తకంగా 1995లో వచ్చింది.

మీరు గమనించారో లేదో, తాబేలు తెర మీదికి ఎక్కిన తర్వాత పిల్లలు కూడా నేల వదిలి కుర్చీకి అతుక్కుపోయారు. ఒక మౌస్, ఒక చెయ్యి. పక్కనున్న ముగ్గురూ చూసేవాళ్ళే. దీన్ని తిరగేయాలని ప్రయత్నించినవాళ్ళలో మైకేల్ హార్న్ ఒకరు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఉండగా ఆయన, రాబర్ట్ జేకబ్‌తో కలిసి టెర్న్ అనే పద్ధతి తయారుచేశారు. ఆజ్ఞలన్నీ ఒకదాన్లో ఒకటి అతికే చెక్క ముక్కలు. వాటిలో కరెంటు లేదు, తీగలు లేవు. బల్లమీద పేర్చాక కెమెరా ఫొటో తీస్తుంది; ముక్కల మీది గుర్తుల్ని కంప్యూటర్ చదువుకుని మరబొమ్మను నడిపిస్తుంది. బోస్టన్ సైన్స్ మ్యూజియంలో చెక్క ముక్కల్ని కొన్నాళ్ళు, మౌస్‌తో నడిచే తెరను కొన్నాళ్ళు పెట్టి చూశారు. చెక్క ముక్కలున్నప్పుడు ఎక్కువమంది దగ్గరికొచ్చి చెయ్యి వేశారు. ఆడపిల్లల విషయంలో తేడా మరీ స్పష్టం. కానీ ఒకసారి మొదలెట్టాక, ఎంతసేపు ఆడారు, ఎంత క్లిష్టమైన ప్రోగ్రాం రాశారు అన్నదాంట్లో పెద్ద తేడా కనబడలేదు. వస్తువు పిల్లల్ని పిలుస్తుంది, ఆ తర్వాతి పని ఆలోచనదే అని ఈ ఫలితం చెబుతోంది. 2009 నాటి ఈ ఫలితం ఇవాళ్టి ఆగ్మెంటెడ్ రియాలిటీకి కూడా కొలబద్దగా పనికొస్తుంది.

అదే దారిలో ఆస్మో వచ్చింది. గూగుల్‌లో పనిచేసి బయటికొచ్చిన ప్రమోద్ శర్మ, జెరోమ్ షోలర్ పెట్టిన కంపెనీ ఇది. ట్యాబ్లెట్‌ను నిలబెట్టి, కెమెరా మీద చిన్న అద్దం తగిలిస్తారు. కెమెరా చూపు బల్ల మీదికి తిరుగుతుంది. నడువు, దూకు, తీసుకో అనే బ్లాకుల్ని బల్లమీద పిల్లలు పేరిస్తే, తెరమీది ఆబీ అనే బొమ్మ వాటి ప్రకారం కదులుతుంది.

ఇప్పుడు ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటే ఏమిటో చూద్దాం. క్లుప్తంగా ఏఆర్ అంటారు. ఫోన్ కెమెరాలోంచి చూస్తే మీ ఇంటి గచ్చు కనిపిస్తుంది, ఆ గచ్చుమీద లేని ఏనుగుపిల్ల నడుస్తూ కూడా కనిపిస్తుంది. 2016లో పోకెమాన్ గో ఆటతో ఇది లోకమంతటికీ తెలిసింది కానీ, ఆ పేరు 1990 నాటిది. బోయింగ్ కంపెనీలో టామ్ కాడెల్ అనే పరిశోధకుడు, విమానాల్లో వైర్లు అమర్చే పనివాళ్ళ కళ్ళముందు దారి చూపించే పద్ధతికి ఆ పేరు పెట్టాడు. 1999లో జపాన్ శాస్త్రవేత్త హిరోకాజు కాటో తయారుచేసిన ఏఆర్‌టూల్‌కిట్ పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది. నల్లటి మందపాటి అంచున్న చతురస్రాన్ని కాగితం మీద అచ్చువేస్తారు. దాని నాలుగు మూలలు కెమెరాకు కనిపిస్తే చాలు. కాగితం ఎంత దూరంలో ఉంది, ఎటు ఎంత వాలింది అనేది కంప్యూటర్ లెక్కకట్టి, బొమ్మను సరిగ్గా అదే వాలులో గీస్తుంది. క్షణక్షణం ఆ లెక్క తిరగరాస్తూ ఉంటుంది కాబట్టి బొమ్మ కాగితానికి అతుక్కున్నట్టే ఉంటుంది. 2017 నుంచి ఆపిల్, గూగుల్ సంస్థల ఏఆర్ సాధనాలు రావడంతో ఆ కాగితం కూడా అక్కర్లేకపోయింది. నేలమీది మచ్చలు, గీతలు, మూలల్ని గుర్తుపట్టి, ఫోన్ కదలికను చెప్పే సెన్సర్ల లెక్కను దానికి కలిపి, బొమ్మను ఎక్కడ నిలబెట్టాలో ఫోనే నిర్ణయించుకుంటుంది.

ప్రోగ్రామింగ్ నేర్పడంలో దీని ఉపయోగం ఏమిటంటే, తాబేలు మళ్ళీ నేలమీదికి దిగుతుంది. ఆజ్ఞలు అచ్చువేసిన అట్టముక్కల్ని పిల్లలు గచ్చుమీద పేరుస్తారు, కెమెరాలోంచి చూస్తే బొమ్మ ఆ ముక్కల పక్కనే నడుస్తుంది. తప్పు చేసిన బొమ్మ చుట్టూ తామే తిరిగి, ఏ ముక్క దగ్గర దారి తప్పిందో వెనకనుంచీ పక్కనుంచీ చూడవచ్చు. తెరమీది తాబేలుకు ముందు, పక్క మాత్రమే ఉన్నాయి. గదిలో నిలబడ్డ బొమ్మకు పైన, కింద కూడా ఉన్నాయి. పుస్తకంలో పొడవు, వెడల్పు, ఎత్తు అక్షాలంటే తలపట్టుకునే పిల్లలు, గాలిపటం బొమ్మను మూడడుగులు పైకి, రెండడుగులు పక్కకు పంపించడంలో ఆ అక్షాలనే వాడేస్తారు.

పిల్లలు తామే ఏఆర్ ఆట తయారుచేయాలంటే ఖరీదైన పెట్టె ఏదీ కొనక్కర్లేదు. స్క్రాచ్‌లోనే వీడియో సెన్సింగ్ అనే బ్లాకులున్నాయి. ల్యాప్‌టాప్ కెమెరా చాలు. తెరమీద పిల్లల ముఖమే కనిపిస్తుంది, దానిమీద బెలూన్ బొమ్మలు తేలుతుంటాయి. బెలూన్ ఉన్నచోట కదలిక ఫలానా అంకె దాటితే బెలూన్ మాయం, స్కోరుకు ఒకటి కలుపు. ఇంతే ప్రోగ్రాం. చెయ్యి ఊపితే బెలూన్ పేలుతుంది. తర్వాత అసలు సంగతి మొదలవుతుంది. ఎవరూ చెయ్యి ఊపకుండానే బెలూన్లు పేలిపోతుంటాయి. ఎందుకు? ఫ్యాను గాలికి కర్టెన్ ఊగుతోంది, కెమెరాకు చెయ్యీ కర్టెనూ ఒకటే. అంకె పెంచితే కర్టెన్ బాధ పోతుంది కానీ మెల్లగా ఊపిన చెయ్యి అందదు. ఎంత పెడితే సరి? పిల్లలు వాదించుకుంటారు, మార్చి చూస్తారు, ఫ్యాను ఆపి చూస్తారు. యంత్రం చూసేదానికీ మనిషి చూసేదానికీ తేడా ఏమిటో పదేళ్ళ వయసులోనే తెలుసుకుంటారు. కృత్రిమ మేధ గురించి రోజూ వింటున్న ఈ కాలంలో అది చిన్న లాభం కాదు.

ఇక రెండో పక్క చూద్దాం. ఏఆర్‌తో చదువు గురించి వచ్చిన పరిశోధనల్ని సమీక్షించిన ఒక వ్యాసం 2014లో వెలువడింది. పిల్లల్లో ఉత్సాహం, నేర్చుకునే తీరు మెరుగవడం చాలా అధ్యయనాల్లో కనబడిందని అందులో ఉంది. పిల్లలు పాఠాన్ని వదిలి బొమ్మమీదే మనసు పెట్టడం, బొమ్మ నిలకడగా నిలబడకపోవడం లాంటి ఇబ్బందులూ అందులోనే ఉన్నాయి. రోజువారీ చిక్కులు వేరే. ఏమాత్రం మచ్చలేని నున్నటి బల్లమీద, మసక వెలుతురులో కెమెరాకు నేల అంతుచిక్కదు. గూగుల్ ఏఆర్ సాధనం ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో నడవదు. చవక ఫోన్ కొనే ముందు చూసుకోవాలి. ఎంతసేపని ఫోన్ ఎత్తి పట్టుకుంటారు? ఇవన్నీ అలా ఉంచి, కెమెరా తెరిచామంటే మన ఇల్లంతా దానికి కనిపిస్తుంది. 2023లో వచ్చిన మన డేటా రక్షణ చట్టం ప్రకారం, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. యాప్ ఆ అనుమతి అడిగినప్పుడు చదవకుండా ‘ఓకే’ నొక్కకండి. ఇక మరీ పసిపిల్లల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం, రెండేళ్ళు నిండనివాళ్ళకు తెర వద్దే వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది.

మార్కెట్ గురించి కూడా ఒక మాట. జాతీయ విద్యావిధానం 2020లో మాధ్యమిక దశ నుంచి, అంటే ఆరో తరగతి నుంచి, కోడింగ్ కృత్యాలు ఉండాలని చెప్పింది. ఆ ఏడాదే, కోడింగ్ నేర్చుకున్న చిన్నపిల్లలు కోట్లు సంపాదిస్తారన్నట్టు ఒక కంపెనీ ప్రకటనలతో ఊదరగొట్టింది. ప్రకటనల ప్రమాణాల మండలి కల్పించుకుని వాటిలో కొన్నింటిని తీయించింది. పిల్లల్ని ఉద్యోగాలకు తయారుచేస్తామని చెప్పి ఏడేళ్ళవాడికి ప్రోగ్రామింగ్ అమ్మేవాళ్ళను నమ్మకండి. ఆ పిల్లాడు ఉద్యోగం వెతుక్కునే నాటికి ఇవాళ్టి భాషలెన్ని ఉంటాయో ఎవరికీ తెలియదు. తప్పును చూసి బెదిరిపోకుండా వెతికే అలవాటు మాత్రం ఉండిపోతుంది.

తల్లిదండ్రులు కోడింగ్ ఆటో, ఏఆర్ బొమ్మో కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, ఇందులో ఆజ్ఞలిచ్చేది మా పిల్లా, యంత్రమా? ఇది నొక్కు, అది లాగు అని యాప్ చెబుతూ పోతుంటే, ఆజ్ఞలు పాటిస్తున్నది మీ పిల్లే. రెండోది, తప్పు చేస్తే ఏమవుతుంది? ఎక్కడ తప్పిందో చూసుకునే వీలు ఉందా, లేక ‘మళ్ళీ ప్రయత్నించు’ అని గంట మోగించి ఊరుకుంటుందా? మూడోది, ఆట కట్టేశాక తను ఏం చేసిందో మీ పిల్ల మీకు చెప్పగలుగుతుందా? ఈ మూడింటికీ జవాబు బాగుంటేనే కొనండి. కంపెనీ ఆ యాప్‌ను ఆపేస్తే పెట్టెలో మిగిలేవి ప్లాస్టిక్ ముక్కలే అన్నది కూడా గుర్తుంచుకోండి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. నలభైమంది పిల్లలు, ఒక్క కంప్యూటర్ ఉన్న బడిలో ఏం చేయగలం అంటారు. న్యూజీలాండ్‌లో టిమ్ బెల్ బృందం 1990ల నుంచీ అసలు కంప్యూటరే లేకుండా, అట్టముక్కలతో, తాడుతో, పరుగులతో కంప్యూటర్ శాస్త్రం నేర్పే పాఠాలు తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. పక్కనున్న కేరళలో ‘లిటిల్ కైట్స్’ పేరుతో 2018 నుంచి ప్రభుత్వ బడుల పిల్లలే ఐటీ క్లబ్బులు నడుపుతున్నారు. మీ బడి ఆవరణలో సుద్దతో గడులు గీయండి. ఒకరు తాబేలు, ఒకరు ఆజ్ఞలు రాసేవాళ్ళు, ఒకరు తప్పు పట్టేవాళ్ళు. వారానికోసారి పాత్రలు మార్చండి. కంప్యూటర్ అందినప్పుడు నలుగురికొకటిగా స్క్రాచ్ మీదికి వెళ్ళండి. ఏఆర్ ఆ తర్వాతి మెట్టు. అది లేకపోయినా పిల్లలు వెనకబడిపోరు.

ప్రభుత్వాలకూ ఒక విన్నపం ఉంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్లు పంచారు. అప్పుడు వాటిలో పెట్టినవి ప్రధానంగా వీడియో పాఠాలు. పిల్లలకు పరికరం ఇచ్చిన ప్రతిచోటా, చూసే పాఠంతోపాటు చేసే పాఠం కూడా అందులో పెట్టండి. స్క్రాచ్ లాంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. వాటిని తెలుగులో ఎలా బోధించాలో టీచర్లకు శిక్షణ ఇప్పించండి. పరికరానికి పెట్టే డబ్బులో కొంతైనా ఆ శిక్షణకు పెట్టండి.

తల్లులకూ తండ్రులకూ చివరిగా చెప్పేది ఇది. మీ పిల్ల చేసిన ప్రోగ్రాం తప్పు పోయినప్పుడు, మీకు జవాబు తెలిసినా వెంటనే చెప్పకండి. ‘ఏమవుతుందనుకున్నావు? ఏమైంది?’ అని ఈ రెండు ప్రశ్నలు అడిగి, ఆ తర్వాత కాసేపు ఊరుకోండి. దానికి మీకు కంప్యూటర్ రానక్కర్లేదు.